పారిస్‌లో అమ్మానాన్నలతో వారం పైన: ఏ ఏరియా, ఎలాంటి అపార్ట్‌మెంట్?

సందేహాలరావు:
అందరికీ నమస్కారం. జూన్ చివర్లో పారిస్ వెళ్తున్నాం, వారం పైనే ఉంటాం. మేమిద్దరం, పదేళ్ళ పాప, అమ్మ, నాన్న. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. చదునుగా ఉంటే బాగానే నడుస్తారు గానీ ఒక అంతస్తు మెట్లు ఎక్కేసరికి మధ్యలో ఆగాలి. అమ్మ బయటి తిండి ఒక పూట సర్దుకుంటుంది, రెండో పూట అన్నం, చారు పడాల్సిందే. అందుకే హోటల్ వద్దనుకుని వంటిల్లున్న అపార్ట్‌మెంట్ వెతుకుతున్నాను. రోజూ రాత్రి సైట్లు తిరగేస్తున్నా, ఎంత చూస్తే అంత గందరగోళం. ప్రతివాడూ 'సిటీ సెంటర్‌లోనే' అంటాడు, ప్రతి ఫొటోలోనూ ఇల్లు ధగధగలాడుతుంది. మా ఆవిడ మాత్రం ఈఫిల్ టవర్ కనిపించే కిటికీ కావాలని పట్టుబట్టింది. పాపకి డిస్నీలాండ్, నాకు వెర్సాయ్ రాజభవనం, నాన్నకి ఏదైనా సరే కూర్చోడానికి బెంచీ ఉంటే చాలు. ఏ ఏరియా తీసుకోమంటారు?

ఉప్మాపెసరట్టు:
7వ ఆరోందిస్మా కళ్ళు మూసుకుని తీసుకోండి. టవర్ పక్కనే, ఏరియా నీట్‌గా ఉంటుంది, రాత్రి భయం లేదు. అయిపోయింది.

మెట్రోపిచ్చి:
అంత తొందరగా అవ్వదు లెండి. రావు గారూ, ముందు మ్యాప్ సంగతి. పారిస్‌ని 20 ఆరోందిస్మాలుగా విడగొట్టారు, మధ్యలో ఒకటితో మొదలై నత్తగుల్లలా బయటికి తిరుగుతూ 20 దాకా వెళ్తాయి. అడ్రస్‌లో పిన్‌కోడ్ చివరి రెండు అంకెలే ఆ నంబరు. 75005 అంటే 5వది, 75015 అంటే 15వది. ఓనరు 'ల మరే దగ్గర్లో' (ల మరే అంటే ఊరి మధ్యలో ఉన్న పాత పేట) అని రాసి పిన్‌కోడ్ 75020 ఉందంటే ఆ 'దగ్గర్లో'కి అర్థం ఏమిటో మీకే తెలుస్తుంది.

ఇక అసలు మాట. ఏదో ఒక పెద్ద టూరిస్టు స్థలం పక్కన దిగడం వల్ల ఒరిగేదేమీ లేదు. టవర్ ఒక వైపు, లూవ్ర్ మ్యూజియం ఇంకోవైపు, మోమార్త్ర గుట్ట ఉత్తరాన, వెర్సాయ్, డిస్నీలాండ్ ఊరి బయట, అదీ చెరో దిక్కున. ఒకదాని పక్కన దిగితే మిగతావన్నీ దూరమే. చూడాల్సింది ఇంటి దగ్గర ఏ లైన్ ఉంది, మీరు వెళ్ళే చోట్లకి రైలు మారకుండా పోవచ్చా అని. మీ నాన్నగారి మోకాళ్ళ దృష్ట్యా ఇది ఇంకా ముఖ్యం. పారిస్ మెట్రో పాతది, మొదటి లైన్ 1900లో వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా అన్ని స్టేషన్లలో లిఫ్టులున్న లైన్ 14 ఒక్కటే. మిగతా చోట్ల చాలావరకు మెట్లే. రైలు మారే చోట దిగే మెట్లు, సొరంగం, మళ్ళీ ఎక్కే మెట్లు. షాత్లే, మోంపర్నాస్ స్టేషన్లలో లైన్ మారడం ఒక చిన్న ప్రయాణం, పెద్దవాళ్ళతో అక్కడ మారే రూటు పెట్టుకోకండి.

కిటికీపక్క:
మెట్రోపిచ్చి గారు మెట్రో తప్ప ఇంకేం చెప్పరు 😀 పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు బస్సు చూడండి రావు గారూ. బస్సు ఫ్లోర్ కిందికే ఉంటుంది, ఎక్కడానికి బాధ లేదు, కిటికీలోంచి ఊరు కనబడుతుంది. 69 నంబరు టవర్ దగ్గర షాన్ ద మార్స్ నుంచి బయల్దేరి లూవ్ర్, బాస్తీయ్ (Bastille) కూడలి మీదుగా గాంబెట్టా దాకా పోతుంది, టూరిస్టు బస్సుకి డబ్బులు పోసి చూసే వాటిల్లో సగం దాంట్లోనే కనిపిస్తాయి. 80 నంబరు 15వ ఆరోందిస్మా నుంచి సెన్-లజార్ రైల్వేస్టేషన్ మీదుగా మోమార్త్ర వెనక పక్కకి వెళ్తుంది. మా అత్తగారితో వెళ్ళినప్పుడు ఆవిడ మెట్రో ఒకసారి ఎక్కి 'ఈ బొరియల్లో తిరగడానికా ఇంత దూరం వచ్చాం' అంది, ఆ తర్వాత అంతా బస్సే.

ఒకటి గుర్తుంచుకోండి, 2025 జనవరి నుంచి బస్సు టికెట్ వేరు, మెట్రో టికెట్ వేరు. ఒక టికెట్‌తో బస్సు దిగి మెట్రో ఎక్కడం కుదరదు. అప్పుడు పెట్టిన రేటు మెట్రోకి 2.50 యూరోలు, బస్సుకి 2. తర్వాత కాస్త పెరిగింది.

సందేహాలరావు:
బాబోయ్, పిన్‌కోడ్ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. దాంతోనే నేను దాచుకున్న వాటిల్లో కొన్ని ఎగిరిపోయాయి. ఇంకో ప్రశ్న. 'మూడో అంతస్తు, లిఫ్ట్ లేదు' అని చాలావాటికి ఉంది. మూడంటే నాన్న మెల్లగా ఎక్కేస్తారేమో?

పారిస్‌లో_అద్దెకు:
వద్దండి. నేను ఇక్కడే కొన్నేళ్ళుగా అద్దె ఇళ్ళలో ఉంటున్నాను కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదవండి.

ఇక్కడ నేల అంతస్తు లెక్కలోకి రాదు, సున్నా. దాని పైది ఒకటి. పాత భవనాల్లో కప్పులు ఎత్తు, పైగా కొన్నిట్లో నేల అంతస్తుకీ ఒకటో అంతస్తుకీ మధ్య ఇంకో పొట్టి అంతస్తు ఉంటుంది, అదీ లెక్కలోకి రాదు. వీళ్ళు మూడు అంటే మీ కాళ్ళకి నాలుగు అనుకోండి. మెట్లు చాలా చోట్ల గుండ్రంగా తిరిగే చెక్కమెట్లు, లోపలి వైపు సన్నగా ఉంటాయి, రోజూ తుడిచి మైనం పట్టించి నున్నగా ఉంచుతారు. మోకాళ్ళ నొప్పులకి ఎక్కడం కంటే దిగడమే కష్టం, ఆ సంగతి మీ నాన్నగారిని అడగండి.

'లిఫ్ట్ ఉంది' అన్నా సంతోషపడిపోకండి. ఈ భవనాలు ఎక్కువ భాగం 19వ శతాబ్దం నాటివి, కట్టినప్పుడు లిఫ్టులు లేవు. తర్వాత మెట్ల మధ్య ఖాళీలో ఇరికించారు. ఇద్దరు పడితే మహాభాగ్యం, సూట్‌కేసు ఒక్కదాన్నే పెట్టి బటన్ నొక్కి, మీరు మెట్లెక్కి పైన అందుకోవాల్సి వస్తుంది. కొన్ని లిఫ్టులు అంతస్తుకీ అంతస్తుకీ మధ్య ఆగుతాయి, దిగాక మళ్ళీ ఆరేడు మెట్లు. ఇంకొన్ని పై అంతస్తుకి ఒకటి ముందే ఆగిపోతాయి. అందుకని ఓనర్ని 'లిఫ్ట్ ఉందా' అని అడక్కండి, 'వీధి గుమ్మం నుంచి ఇంటి గుమ్మం దాకా మొత్తం ఎన్ని మెట్లు ఎక్కాలి' అని అడగండి. జవాబు అంకెలో రావాలి. 'చాలా సులువు' అని వస్తే వదిలేయండి.

గదుల లెక్క కూడా వేరే. రెండు పియేస్‌ల (అంటే గదుల) ఇల్లు అంటే రెండు బెడ్‌రూములు కాదు, ఒక హాలు, ఒక బెడ్‌రూము. వంటిల్లు, బాత్రూము లెక్కలోకి రావు. మీరు ఐదుగురికి కనీసం మూడు పియేస్‌లు కావాలి. 'ఆరుగురు పడుకోవచ్చు' అని రాసి 38 చదరపు మీటర్లు ఉందంటే హాల్లో సోఫా తెరవాలి, అటకలాంటి దాని మీదికి నిచ్చెన ఎక్కాలి. ఆ నిచ్చెన ఫొటోలో చాలా అందంగా ఉంటుంది.

ఇంకొకటి, ఇల్లు వీధి వైపా లోపలి పెరడు వైపా అడగండి. పెరడు వైపు కొంచెం వెలుతురు తగ్గొచ్చు గానీ రాత్రి నిద్ర ఉంటుంది.

అత్తాకోడళ్ళం:
పై పోస్టు బంగారం. దానికి నావి రెండు మాటలు కలుపుతాను.

రావు గారూ, అన్నిటికంటే ముందు టాయిలెట్లు ఎన్ని? ఐదుగురు, ఒకటే టాయిలెట్, పొద్దున్నే అందరూ ఒకేసారి బయల్దేరాలి అంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఇక్కడ చాలా ఇళ్ళలో టాయిలెట్ వేరు గది, స్నానం వేరు గది, ఒకటే ఉన్నా అలా విడిగా ఉంటే కాస్త నయం. నీళ్ళ స్ప్రే దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి, మగ్గు మన పెట్టెలోనే వెళ్ళాలి. స్నానానికి ఎత్తు టబ్బు ఉంటే పెద్దవాళ్ళు కాలెత్తి దాటలేరు, నడిచి వెళ్ళే షవర్ ఉందేమో ఫొటోల్లో చూడండి. ఎవరూ చూడరు ఇది, తీరా దిగాక టెన్షన్.

పోపు! ఫ్రాన్స్‌లో 2015 మార్చి నుంచి ప్రతి ఇంట్లో పొగ అలారం పెట్టడం తప్పనిసరి. హాల్లోనే వంట మూల ఉన్న చిన్న ఇంట్లో మీ అమ్మగారు ఎండుమిరపకాయ వేయించారంటే భవనం మొత్తం లేస్తుంది. వంటిల్లు విడిగా, కిటికీతో ఉన్నది చూడండి. స్టవ్ ఇండక్షన్ అయితే మీరు పట్టుకెళ్ళే అల్యూమినియం గిన్నె పనికిరాదు.

ఉప్మాపెసరట్టు:
అమ్మగారి కోసమైతే లా షాపెల్ చూడొచ్చుగా. గార్ దు నోర్ స్టేషన్ వెనక. శ్రీలంక తమిళుల కొట్లు వరసగా ఉంటాయి, కరివేపాకు, మునక్కాడలు, సోనా మసూరి, ఇడ్లీ దోసె హోటళ్ళు అన్నీ. రూ పజోల్‌లో ('రూ' అంటే వీధి) వినాయకుడి గుడి కూడా ఉంది. రూములు కూడా చవక.

నిమ్మళంగా:
నువ్వే కదయ్యా కళ్ళు మూసుకుని 7 తీసుకోమన్నావు?

ఉప్మాపెసరట్టు:
అప్పుడు చారు సంగతి సరిగా చదవలేదు 😅

పారిస్‌లో_అద్దెకు:
లా షాపెల్ సరుకులకి వెళ్ళడానికి చాలా మంచి చోటు, నేనూ నెలకోసారి వెళ్తాను. బసకి మాత్రం పెద్దవాళ్ళతో నేను చెప్పను. ప్రమాదం అనేమీ కాదు, పగలంతా విపరీతమైన జనం. బార్బేస్, గార్ దు నోర్ చుట్టూ స్టేషన్ గుమ్మంలోనే సిగరెట్లమ్మేవాళ్ళు, జేబు కొట్టేవాళ్ళు, పెట్టెలతో నిలబడి మ్యాప్ చూసుకునే కుటుంబం వాళ్ళ కంట్లో పడటం ఖాయం. రోజూ రాత్రి అలసిపోయి తిరిగి రావాల్సిన దారి అది. ఊళ్ళో ఎక్కడున్నా ఒకసారి వెళ్ళి వారానికి సరిపడా కూరలు, బియ్యం తెచ్చుకుంటే సరిపోతుంది. పాలు, పెరుగు, టమాటాలు, ఉల్లిపాయలు ఏ వీధి చివర సూపర్‌మార్కెట్లోనైనా దొరుకుతాయి.

నిమ్మళంగా:
అందరూ ఇల్లు ఇల్లు అంటున్నారు కాబట్టి నేను అడ్డం తిరుగుతాను. అపార్ట్‌హోటల్ ఎందుకు వద్దు? అదాజియో, సితాదీన్ లాంటివి పారిస్‌లో చాలా చోట్ల ఉన్నాయి. గదిలో చిన్న వంట మూల, కింద రిసెప్షన్, సరైన లిఫ్ట్, పేరున్నవాటిల్లో ఏసీ. పక్కపక్క గదులు రెండు తీసుకుంటే రెండు బాత్రూములు, పెద్దవాళ్ళకి వాళ్ళ తలుపు వాళ్ళకి. అర్ధరాత్రి కుళాయి కారితే మనిషి వస్తాడు. ఓనరు ఫోన్ ఎత్తుతాడా లేదా అన్న బెంగ లేదు. 'లోకల్‌లా బతకడం' అనే ముచ్చట ఫొటోల్లో బాగుంటుంది గానీ నలుగురు పెద్దవాళ్ళు, ఒక పిల్ల ఉన్నప్పుడు నాకు కావాల్సింది రిసెప్షన్‌లో మనిషి.

సందేహాలరావు:
చూశానండి. జూన్ చివర రెండు గదుల రేటు ఇంటికంటే బాగా ఎక్కువ చూపిస్తోంది. పైగా సాయంత్రం అందరం ఒకచోట కూర్చోడానికి హాలు ఉండదు, మంచాల మీదే. అమ్మ ఒక గదిలో వండి, పళ్ళాలు పట్టుకుని కారిడార్‌లో నడవాలి. కానీ ఏసీ అన్నారు చూశారూ, అది మనసులో పడింది. జూన్‌లో అవసరమా? యూరప్ కదా.

కిటికీపక్క:
యూరప్ అనే తీసేయకండి. 2019 జూలై 25న పారిస్‌లో 42.6 డిగ్రీలు నమోదైంది. ప్రతి జూన్ అలా ఉండదు, స్వెట్టర్ వేసుకునే రోజులూ ఉంటాయి. కానీ వడగాలి వచ్చిందంటే అక్కడి ఇళ్ళలో ఏసీ ఉండదు, సీలింగ్ ఫ్యాన్ కూడా ఉండదు. పై అంతస్తు మీద జింకు రేకు కప్పు. ఒకప్పుడు పనివాళ్ళు పడుకున్న గదులు అవి, ఇప్పుడు 'రొమాంటిక్ రూఫ్‌టాప్ వ్యూ' అని అమ్ముతున్నారు. మధ్య అంతస్తుల్లో రాతి గోడలు మందం, చల్లగా ఉంటాయి. పెద్దవాళ్ళకి రెండు, మూడు అంతస్తులే మేలు, లిఫ్ట్ ఉండి.

ఇంకోటి, జూన్ 21న అక్కడ సంగీత పండగ. 1982 నుంచి జరుగుతోంది. ప్రతి వీధి మూలా ఒక బ్యాండు, రాత్రి బాగా పొద్దుపోయేదాకా. ఆ తారీఖు మీ బసలో పడుతుంటే బార్లున్న వీధికి దూరంగా ఉండండి. లేదా మీరే వీధిలోకి దిగిపోండి, అదీ బాగుంటుంది.

చట్టంపుల్ల:
ఒక్క విషయం ఎవరూ ఎత్తలేదు. రిజిస్ట్రేషన్ నంబరు.

పారిస్‌లో ఇల్లు ఇలా రోజుల లెక్కన అద్దెకిచ్చేవాళ్ళు నగరపాలక సంస్థ దగ్గర నమోదు చేసుకుని, ఆ నంబరు ప్రకటనలో చూపించాలి. 2017 డిసెంబర్ నుంచి ఇది తప్పనిసరి. ఓనరు తాను ఉండే ఇంటినైతే ఏడాదికి 120 రాత్రులు ఇచ్చుకోవచ్చు అని ఉండేది, దాన్ని 2025 జనవరి 1 నుంచి 90కి తగ్గించారు. తాను ఉండని ఇంటిని ఇవ్వాలంటే వేరే అనుమతి, అది అంత తేలిగ్గా రాదు. కేసులు, జరిమానాలు ఓనరు మీదే, బస చేసినవాళ్ళ మీద కాదు. కానీ ప్రకటన తీసేస్తే మీ బుకింగ్ కూడా దాంతోపాటే పోతుంది, అదీ ప్రయాణానికి వారం ముందు పోతే ఐదుగురికి ఇల్లు దొరకడం కష్టం. ఆ నంబరు పాత పద్ధతిలో ఇచ్చిన 13 అక్షరాలదైతే 751తో మొదలవుతుంది, తర్వాతి రెండు అంకెలు ఆరోందిస్మా. ప్రకటనలో 7వ ఆరోందిస్మా అని ఉండి నంబరు 75118 అని మొదలైతే ఎక్కడో తేడా ఉంది.

డబ్బు సైట్ ద్వారానే కట్టండి. 'బయట ట్రాన్స్‌ఫర్ చేస్తే పది శాతం తగ్గిస్తా' అన్నవాడికి నమస్కారం పెట్టి వచ్చేయండి. టూరిస్టు పన్ను మనిషికి, రాత్రికి ఇంత అని ఉంటుంది, 18 ఏళ్ళ లోపు వాళ్ళకి లేదు. అది అద్దెలో కలిసి ఉందో విడిగా వసూలు చేస్తారో ముందే చూసుకోండి.

సందేహాలరావు:
మీ అందరి మాటలూ దగ్గర పెట్టుకుని వడపోస్తే నాలుగు మిగిలాయి. కాస్త ఉతకండి.

ఒకటి: 7వ ఆరోందిస్మా, రూ క్లేర్ దగ్గర. ఆరో అంతస్తు, లిఫ్ట్ ఐదు దాకా. 47 చదరపు మీటర్లు. ఒక బెడ్‌రూము, హాల్లో సోఫా, ఇంకో మూల మంచం. వంటింటి కిటికీలోంచి టవర్ పైభాగం కనిపిస్తుంది. మా ఆవిడ ఓటు దీనికే.

రెండు: 15వ ఆరోందిస్మా, కొమెర్స్ మెట్రో దగ్గర. రెండో అంతస్తు, లిఫ్ట్ ఉంది. మూడు పియేస్‌లు, 64 మీటర్లు, పెరడు వైపు. టాయిలెట్ విడిగా. ఫొటోలు మాత్రం చప్పగా ఉన్నాయి, బీరువాలు, గళ్ళ దుప్పట్లు.

మూడు: 18వ ఆరోందిస్మా, మోమార్త్ర, అబ్బెస్ స్టేషన్ దగ్గర. ఇల్లు అద్భుతం, రెండంతస్తుల్లో ఉంది.

నాలుగు: 4వ ఆరోందిస్మా, ల మరే, సెన్-పోల్ మెట్రో దగ్గర. ఒకటో అంతస్తు, 50 మీటర్లు, వీధి వైపు.

మెట్రోపిచ్చి:
మూడోది కొట్టేయండి. అబ్బెస్ పారిస్‌లో అన్నిటికంటే లోతైన స్టేషన్, 36 మీటర్లు. లిఫ్ట్ ఉంది నిజమే, కానీ బయటికి వచ్చాక చుట్టూ గుట్టే. ఏ వైపు వెళ్ళినా ఎక్కడమో దిగడమో. ఇంట్లోపల మళ్ళీ మెట్లు. ఒక సాయంత్రం వెళ్ళి చూసి రండి, ఫ్యునిక్యులర్ (గుట్ట మీదికి లాగే చిన్న రైలుపెట్టె) ఎక్కితే మెట్లు తప్పుతాయి.

నాలుగోది లైన్ వరకు అద్భుతం. సెన్-పోల్‌లో ఉన్నది 1వ లైన్, లూవ్ర్, షాన్జెలిజే అన్నీ మారకుండా. కానీ 'ఒకటో అంతస్తు, వీధి వైపు' అన్నారు. ఆ అడ్రస్ మ్యాప్‌లో వీధి బొమ్మ పెట్టి చూడండి, కింద ఏముంది?

సందేహాలరావు:
చూశా. కింద బార్. బయట పాతిక కుర్చీలు.

మెట్రోపిచ్చి:
అంతే మరి.

అత్తాకోడళ్ళం:
ఒకటో నంబర్లో ఎవరు ఎక్కడ పడుకుంటారో కాగితం మీద రాయండి. అమ్మానాన్నలకి బెడ్‌రూము ఇచ్చారు. మీరిద్దరూ సోఫా. పాప మూల మంచం. పొద్దున్నే ఐదింటికి లేచే నాన్నగారు టాయిలెట్‌కి మీ సోఫా పక్క నుంచే వెళ్తారు. ఇదంతా ఆ టవర్ ముక్క కోసం.

పైగా జూన్ చివర అక్కడ సూర్యుడు రాత్రి పదికి గానీ పోడు. టవర్ దీపాలు మిలమిల మెరిసేది చీకటి పడ్డాక, గంట గంటకీ ఐదు నిమిషాలు. అంటే పదకొండింటికి వంటింటి కిటికీ దగ్గర నిలబడాలి. మీ ఆవిడకి నా మాటగా చెప్పండి, ఒక రాత్రి బీరకేమ్ వంతెన మీదికి తీసుకెళ్తే పై ముక్క ఏం ఖర్మ, మొత్తం టవరూ, కింద సీన్ నదీ కూడా కనిపిస్తాయి.

నిమ్మళంగా:
చప్పటి ఫొటోలంటే నాకు నమ్మకం. నిజంగా మనుషులు బతికే ఇల్లు అది. బీరువాలుంటే మీ పెట్టెలు ఖాళీ చేసుకోవచ్చు. ఫొటోల కోసం సర్దిన ఇళ్ళలో బట్టలు పెట్టుకోడానికి మేకు కూడా ఉండదు.

పారిస్‌లో_అద్దెకు:
రెండోదే. 15 అంటే టూరిస్టులకి పేరు తెలియని ఏరియా, అందుకే ఆ డబ్బుకి ఆ చోటు వస్తోంది. కుటుంబాలుండే చోటు, రూ దు కొమెర్స్ పొడవునా కొట్లు, బేకరీలు, వీధి చివర చిన్న పార్కు, మీ నాన్నగారికి కావాల్సిన బెంచీలు దాన్లో కావాల్సినన్ని. కొమెర్స్‌లో 8వ లైన్. మారకుండా ఎన్వలీద్, కొంకోర్ద్, ఓపెరా, బాస్తీయ్ స్టేషన్లు. టవర్‌కి నడిచి ఇరవై, పాతిక నిమిషాలు, అంతా చదునే. వెర్సాయ్‌కి ఆర్‌ఈఆర్ (ఊరి బయటికి కూడా వెళ్ళే రైళ్ళు) సీ లైన్ రైలు టవర్ దగ్గరి స్టేషన్లోనే ఎక్కొచ్చు. డిస్నీలాండ్‌కి మాత్రం ఒకచోట మారాలి, 8వ లైన్‌లో ఓపెరా దాకా వెళ్ళి, అక్కడి నుంచి ఓబేర్ స్టేషన్‌కి లోపలి దారిలో నడిస్తే ఆర్‌ఈఆర్ ఏ. ఒక్కరోజే కాబట్టి భరించండి, లేదా ఆ రోజు పెద్దవాళ్ళకి సెలవిచ్చేయండి.

ఒక్కటి చూసుకోండి. ఇల్లు బులెవార్ ద గ్రెనెల్ మీద కాదు కదా? ఆ రోడ్డు మధ్యలో 6వ లైన్ వంతెన మీద పోతుంది, రైలు మీ రెండో అంతస్తు కిటికీ ఎత్తులోనే వెళ్తుంది. ఆ వంతెన కిందే బుధ, ఆదివారాల్లో సంత పెడతారు, దానికి మాత్రం తప్పకుండా వెళ్ళండి, చెర్రీల కాలం అది.

సందేహాలరావు:
కాదండి, ఆ రోడ్డు నుంచి లోపలికి, సందులో ఉంది. ఓనర్ని మెట్లు అడిగాను. జవాబు కాపీ చేస్తున్నా: 'వీధి గుమ్మం దగ్గర ఒక మెట్టు, లిఫ్ట్ ముందు మూడు, లిఫ్ట్ దిగాక ఏమీ లేవు. లిఫ్ట్‌లో ఇద్దరు, లేదా ఒకరు ఒక పెట్టె.' రిజిస్ట్రేషన్ నంబరు 75115తో మొదలవుతోంది. వంటింటికి విడిగా తలుపు, కిటికీ ఉన్నాయి. స్టవ్ గ్యాస్‌ది. షవర్ మాత్రం టబ్బులోనే, అదొక్కటే లోటు.

అత్తాకోడళ్ళం:
టబ్బులోకి రబ్బరు చాప, పక్కన స్టూలు అడగండి. ఇంత తిన్నగా జవాబు రాసిన మనిషి ఇస్తాడు.

సందేహాలరావు:
ఇస్తానన్నారు. బుక్ చేసేశాను. ప్రయాణానికి ముందు కొన్ని రోజుల దాకా డబ్బు వెనక్కి వచ్చే రకం, కొంచెం ఎక్కువైనా అదే తీసుకున్నా, నాన్న ఆరోగ్యం సంగతి తెలుసు కదా. మా ఆవిడ ఇంకా పూర్తిగా మాట్లాడటం లేదు, వంతెన ఫొటో చూపించాక కొంచెం మెత్తబడింది.

చివరి ప్రశ్న. విమానం పొద్దున్నే షార్ల్ ద గోల్ ఎయిర్‌పోర్టులో దిగుతుంది, బుధవారం. ఇల్లు సాయంత్రం నాలుగింటికి ఇస్తారు. ఐదుగురం, ఐదు పెద్ద పెట్టెలు. రైలా, టాక్సీయా? వారం పాస్ తీసుకోనా?

మెట్రోపిచ్చి:
నా పేరు చూసి రైలు అంటాననుకుంటారు, టాక్సీ. ఎయిర్‌పోర్టు నుంచి సిటీకి స్థిరమైన రేటు, 2025లో సీన్ కుడి ఒడ్డుకి 56 యూరోలు, ఎడమ ఒడ్డుకి 65. మీది ఎడమ ఒడ్డు. రైలుకి మనిషికి 13 పైనే, ఐదుగురికి టాక్సీ డబ్బే అవుతుంది, పైగా పెట్టెలతో రైళ్ళు మారాలి. కాకపోతే మామూలు టాక్సీలో నలుగురే. క్యూలో ఉన్న ఉద్యోగికి ఐదుగురమని చెప్పి పెద్ద బండి అడగండి, ఐదో మనిషికి కొంచెం అదనం. అధికారిక టాక్సీ స్టాండ్ బయట ఉంటుంది. అరైవల్స్ హాల్లోనే 'టాక్సీ, టాక్సీ' అంటూ పక్కకొచ్చేవాళ్ళ మొహం కూడా చూడకండి.

వారం పాస్ సోమవారం నుంచి ఆదివారం దాకానే చెల్లుతుంది, మీరు ఏ రోజు కొన్నా. బుధవారం దిగి కొంటే రెండు రోజులు పోయినట్టే. మొదటి వారానికి అందరికీ విడి టికెట్లు, తర్వాతి సోమవారం లెక్క వేసుకోండి. పాస్ కార్డు ఒకళ్ళది ఒకళ్ళు వాడకూడదు, ఒకే కార్డు మీద ఇద్దరు ఒకేసారి వెళ్ళడం కుదరదు.

చట్టంపుల్ల:
పెట్టెల సంగతి ముందే ఓనర్ని అడగండి, ముందు రోజు ఎవరూ లేకపోతే పొద్దున్నే సామాను పెట్టుకోనిస్తారు, చాలామంది కాదనరు. కాదంటే సామాను దాచే చోట్లు ఊళ్ళో ఉన్నాయి, గంటల లెక్క. తాళం ఎవరి చేతికి ఇస్తారో, ఎక్కడ ఇస్తారో కూడా రాయించుకోండి.

పారిస్‌లో_అద్దెకు:
తాళంతోపాటు కోడ్ కూడా. వీధి తలుపుకి అంకెల బటన్లుంటాయి, కొన్ని భవనాల్లో లోపల రెండో తలుపు, దానికి వేరే కోడ్. రెండూ కాగితం మీద రాసి మీ నాన్నగారి జేబులో ఒకటి పెట్టండి, ఆయన బెంచీకి వెళ్ళి ఒక్కరే తిరిగొస్తారు కదా. లిఫ్ట్‌లో 1 కాదు, 2 నొక్కాలని కూడా చెప్పండి, నేల అంతస్తుని ఒకటిగా లెక్కేసుకుంటారేమో.

సందేహాలరావు:
ఓనర్‌కి ఇప్పుడే రాశాను, పొద్దున పదింటికి పెట్టెలు పెట్టుకోవచ్చన్నారు. కోడ్లు రెండట. కుక్కర్ ఉందా అని అడిగితే 'అదేమిటి' అన్నారు, కాబట్టి అది మా పెట్టెలో వస్తోంది.

అత్తాకోడళ్ళం:
చిన్నది తీసుకెళ్ళండి. స్టీలుది. గాస్కెట్ ఒకటి అదనంగా.